గీతకూ నీటికీ మధ్య

పున్నమి

రోజూ గీత చూసి రాయమన్నారు. రాస్తున్నాను. మా ఇంటి గీతకూ నీటికీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది.

ఇంత రాస్తే చాలు. కానీ ఇవాళ మనసు బాగోలేదు. నోటితో చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. అందుకని ఇంకొంచెం రాస్తాను.

పొద్దున్నే లిఖిత వచ్చింది. గీతలు చూసే ఉద్యోగం ఆ అమ్మాయిది. చిన్న పడవలో ఇంటింటి చుట్టూ తిరిగి, ఇల్లు నిలిచిన తెప్ప పక్కన ఎర్రరంగుతో వేసిన గీత దగ్గర చెయ్యి పెట్టి చూస్తుంది. ఇంట్లో బరువు పెరిగితే తెప్ప కుంగుతుంది, నీళ్ళు గీత వైపు ఎక్కుతాయి. పున్నమి నాటికి ఎవరి గీత మునిగి ఉంటే వాళ్ళ తాళ్ళు విప్పి బయటి వరసకు లాగేస్తారు. బయటి వరసంటే అలల్లో ఉండటమే. అక్కడ పొయ్యి మీద గిన్నె నిలవదు. ఇంటికీ ఇంటికీ మధ్య పలకలు వెయ్యరు. నా పెళ్ళాం పైడమ్మ మోకాళ్ళ నొప్పులతో పడవ ఎక్కలేదు. అక్కడికి పోతే ఆమెకు నా ముఖం తప్ప ఇంకో ముఖం కనబడదు. నా ముఖంలో చూడటానికి ఏముంది?

మాకా భయం లేదు. నాలుగు వేళ్ళున్నాయి.

మనసు బాగోలేనిది దాలినాయుడి వల్ల. పక్కింటివాడు. పెళ్ళాం పోయి నాలుగేళ్ళయింది. అయినా రోజంతా నవ్వుతూనే ఉంటాడు. పైడమ్మను అప్పా అంటాడు, నన్ను బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు.

ఇక్కడ రొయ్యల మడుల పని యంత్రాలు చూసుకుంటాయి. మా వయసు మగవాళ్ళకు మిగిలిన పని చెవి వెయ్యడం. పాత అలారంలోంచి తీసిన ఇత్తడి బిళ్ళను స్టీలు గ్లాసుకు అంటించి, మైనం పూసి, తీగ కట్టి నీళ్ళలోకి దింపుతాం, పైన తీగ కొసకు చప్పుడు పెంచే పెట్టె తగిలిస్తాం. కింద మా పాత ఊరుంది. సముద్రం దాన్ని మింగి చాలా కాలమైంది. చెవి దింపితే చేపలు వినబడతాయి, రొయ్యల చిటపట వినబడుతుంది. ఊరు మాత్రం ఎవరికీ వినబడలేదు.

ఇవాళ దాలినాయుడి పెట్టెకు వినబడింది.

మా వీధి బోరింగు. నీళ్ళ వాలుకు దాని చెయ్యి ఇంకా కదులుతోందట. కిర్రు, కిర్రు అని. వరసంతా పలకలు దాటి అతనింటికి పోయింది. నేను పోలేదు. పైడమ్మ పోయింది. కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

“అచ్చం అలాగే కిర్రుమంటంది మావా,” అంది.

ఊళ్ళో రేడియోలు, పంపులు బాగుచేసింది నేను. ఆ బోరింగును ఎన్నిసార్లు విప్పానో నాకే తెలియదు. దాలినాయుడికి సోల్డరింగ్ కడ్డీ పట్టుకోవడం నేర్పింది కూడా నేనే. ఇప్పటికీ వాడి అతుకులు పేడముద్దల్లా ఉంటాయి. ఆ పేడముద్దలకు బోరింగు వినబడింది, నాకు వినబడలేదు.

బహుళ తదియ

గీతకు మూడు వేళ్ళు.

బజారు పడవ వచ్చింది. దాంట్లో మనిషి ఉండడు, మాట ఉంటుంది. ఎవరిని ఎలా పిలిస్తే పొంగుతారో దానికి తెలుసు. నాకు తమ్ముళ్ళు లేరు. అదీ దానికి తెలుసు.

“అన్నయ్యా, బాగున్నావా? పక్కింటాయన బోరింగు ఇనిపించాడంట గదా. వరసంతా అదే మాట. నీ చేతికున్న పనితనం ముందు ఆయనెంత? సామాన్లు నేక గానీ.”

సామాన్లు లేకే. నేను అనుకుంటున్న మాటే అది అంది.

లోపల ఫ్యాను తిరిగే ఆంప్లిఫయర్ ఒకటి తీసుకున్నాను. దాంతోపాటు గోల వడకట్టే పెట్టె ఒకటి. దానికి ఎండు రొయ్యల సంచి ఇచ్చాను. పైడమ్మ తెప్ప అంచున వంగి గీత చూసింది. చూసి దాలినాయుడింటికి పోయింది.

రోజూ పోతోంది.

బహుళ షష్ఠి

గీతకు మూడు వేళ్ళు.

కొత్త పెట్టెలు బిగించి చెవి దింపాను. బుయ్‌ మని ఒకటే మోత. ఇంకేమీ లేదు. దింపిన తీగ సరైనది కాదేమో. లేకపోతే బ్యాటరీ చాలడం లేదేమో.

దాలినాయుడు పలక మీద నిలబడి చూశాడు.

“బావా, ఏటిది, ఇల్లా, రైలింజనా? కూత ఎప్పుడేస్తాది?”

జవాబు నా నోట్లోనే ఉంది. చాలా మంచి జవాబు. అతను వెళ్ళిపోయాక కూడా నోట్లోనే ఉంది.

లోపల పైడమ్మ నవ్వింది. నా వస్తువు గురించి వాడు వేసిన మాటకు నా పెళ్ళాం నవ్వింది. రాత్రి అన్నం సగమే తిన్నాను. ఆమె అది చూసింది. ఎందుకని అడగలేదు.

బహుళ నవమి

నిన్న పెద్ద బ్యాటరీ కొన్నాను. ఎత్తడానికి పడవకున్న ఇనప చెయ్యి, నా రెండు చేతులు కావలసి వచ్చాయి. దించగానే ఇల్లు ఒక పక్కకు ఒరిగి సర్దుకుంది. గీతకు రెండు వేళ్ళే మిగిలాయి. పడుకునే ముందు ఇంకోసారి కొలిచాను.

ఇవాళ ఉదయం చూస్తే మళ్ళీ మూడు వేళ్ళున్నాయి.

మళ్ళీ చూశాను. మూడే. కొత్త బరువుకు తెప్ప మొదట కుంగి, తరువాత తేరుకుంటుంది కాబోలు. మనిషి లాగే. ఈ సంగతి లిఖితకు తెలుసో లేదో. ఇంటికి కూడా నా మీద అభిమానం ఉన్నట్టుంది.

మోత మాత్రం తగ్గలేదు. పెరిగింది.

బహుళ ద్వాదశి

గీతకు మూడు వేళ్ళు.

మధ్యాహ్నం అన్నంలోకి చింతచిగురు పచ్చడి వేసింది. బాగుంది. నూరిన పచ్చడి. ఇంట్లో నూరిన చప్పుడు వినలేదు.

“ఎక్కడిది?” అన్నాను.

“దాలినాయుడింట్లో నూరినాను. ఆళ్ళింట్లో గాలొస్తాది.”

గాలి మా ఇంట్లో లేదా? లేదు. నిజమే. కిటికీ దగ్గర పెట్టెలు పేర్చాను. వంటగది గోడ పక్కన కూడా కొన్ని పెట్టాను. అటువైపు నేను పోను, ఖాళీగా ఉంది గదా అని పెట్టాను.

ఆమె చేతి పచ్చడి ఇంకొకడింట్లో తయారై గిన్నెలో నాకు వస్తోంది. వాడు ముందు తిని, మిగిలింది నాకు పంపుతున్నాడేమో. ఆ ఆలోచనకు చిగురు చేదెక్కింది. అయినా ఇంకోసారి వడ్డించుకున్నాను.

అమావాస్య

పడవ వచ్చింది.

“అన్నయ్యా, దాలినాయుడుగారు మొన్న నాతో పెద్ద బేరమే చేశారు.”

“ఏం కొన్నాడు?” అన్నాను. నేను దానితో ఆడిన మొదటి మాట అదే.

“ఒకరి బేరం ఒకరికి సెప్పకూడదు గదా. నీకు మాత్రం ఒక మంచి పెట్టె దాచాను. వాడిందే గానీ, చేత్తో చేసింది. దీని చెవి మహా సన్నం.”

తీసుకున్నాను. ఇంటికి తెచ్చి మూత విప్పాను.

పేడముద్దలు. ఒక్కొక్క అతుకూ గోరంత.

అది దాలినాయుడి పెట్టె. బోరింగు విన్న పెట్టె. దీన్ని అమ్మేసి ఇంతకన్నా పెద్దది కొన్నాడన్నమాట. వాడు వదిలేసింది నేను కొనుక్కున్నాను. వాడి ఎంగిలి.

మూత మళ్ళీ బిగించాను. తరువాత పలక చివరికి పోయి, చూడనట్టుగా వాడి గీత చూశాను. ఒక్క వేలే ఉంది. కుంగుతున్నాడు. వాడూ కొంటున్నాడు, వాడింట్లో బరువూ పెరుగుతోంది. నా ఇల్లు తేరుకున్నట్టు వాడిల్లు తేరుకోవడం లేదు.

సంతోషం వేసింది. రాస్తున్నాను గదా, దాచడం ఎందుకు? చాలా సంతోషం వేసింది. బయటి వరసలో అలల మీద ఎలా నవ్వుతాడో చూడాలి.

శుద్ధ పంచమి

మొన్న నాలుగు చెవులు ఒకేసారి దింపే కప్పీ కొన్నాను. ఇనప చక్రాలు, ఇనప గొలుసు. దాన్ని తిప్పడానికి ఇంకొక మోటారు. మోటారు వేడెక్కకుండా ఫ్యాను. ఫ్యానుకు ఇంకొక చిన్న బ్యాటరీ. పడవ ఒక్కొక్కటే గుర్తుచేసింది. “ఇది నేకపోతే అది పనిచెయ్యదు గదా అన్నయ్యా,” అంది. మాట న్యాయంగానే ఉంది.

ఆ సాయంత్రానికి గీతకు ఒక వేలు. భయపడలేదు. నిన్నటికి రెండు వేళ్ళయింది, ఇవాళ మూడు. నేననుకున్నట్టే.

పడుకోవడానికి చాప పరిచే చోటు తగ్గింది. పైడమ్మ గుమ్మంలో ముడుచుకుని పడుకుంటోంది. లేచేటప్పుడు మోకాలు పట్టుకుంటోంది. కప్పీ కొంచెం జరుపుదామనుకున్నాను. జరిగితే చెవులు ఇంటి కిందికి పోతాయి.

పెట్టెలన్నీ వేశాను. నాలుగు చెవుల్లోనూ బుయ్ మనే మోతే.

శుద్ధ దశమి

గీతకు మూడు వేళ్ళు. దాలినాయుడిది అరవేలు.

మబ్బు. ఎండ లేక వరసంతా దీపాలు తీసేశారు. ఎండతో నిండే నా బ్యాటరీలు కూడా దిగిపోయాయి. ఫ్యాను ఆగింది, మోటారు ఆగింది, పెట్టెల మీది దీపాలు ఆరిపోయాయి. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉందని మరిచిపోయాను.

ఊరికే కూర్చోలేక నా మొదటి చెవి తీశాను. స్టీలు గ్లాసు, ఇత్తడి బిళ్ళ, చెవిలో పెట్టుకునే చిన్న గొట్టం. దానికి కరెంటు అక్కర్లేదు. చేత్తోనే దింపాను.

మోత లేదు.

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ నేను విన్నది నా ఫ్యాన్లు, నా మోటార్లు. వాటి వణుకు తెప్పలోంచి నీళ్ళలోకి దిగి, నా చెవిలోకే తిరిగివచ్చింది. సామాను ఎంత పెంచితే మోత అంత పెరిగింది.

రొయ్యల చిటపట వినబడింది. తరువాత దగ్గరలో ఇంకొక చప్పుడు. గరగర, గరగర, టక్. గరగర, గరగర, టక్.

బోరింగు కాదు. ఆ చప్పుడు నాకు తెలుసు. మా సన్నికల్లు. ఒక మూల పెచ్చు ఊడింది. పొత్రం అక్కడికి రాగానే టక్‌మంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను.

వంటగదిలోకి పోయాను. సన్నికల్లు లేదు. దాని చోట నేల తెల్లగా ఉంది. ఇత్తడి బిందెలు లేవు. ఇనప పెట్టె లేదు. ఊరు మునిగిన రోజు ఆమె పట్టుబట్టి పడవలోకి ఎక్కించుకున్నవి అవే. వాటి చోట్లలో నా పెట్టెలున్నాయి.

ఆమె నన్ను వదిలి వాడింట్లో కాపురం పెడుతోందనుకున్నాను. ఇంకేం అనుకుంటాను? పలక దాటాను. నా జీవితంలో పిలవకుండా ఒకరింటికి పోవడం అదే మొదలు.

పైడమ్మ నేల మీద కూర్చుని పప్పు నూరుతోంది. పక్కన మా బిందెలు, వాటి మీద మా ఇనప పెట్టె. దాలినాయుడు వెల్లుల్లి వొలుస్తున్నాడు. అతని ఇంట్లో పెద్ద పెట్టె లేదు, చిన్న పెట్టె లేదు. గోడకు ఒక ఖాళీ మేకు ఉంది.

“నీ కొత్త పెట్టి ఏది?” అన్నాను.

“ఏ పెట్టి బావా?”

“పాతది అమ్మి కొన్నది.”

“కొన్నాదేటి?” అని నవ్వాడు. “ఈ అప్ప సామాన్లకి నా గీత మునిగిపోతాంటే ఏటి సెయ్యాల? పెట్టి, దాని బ్యాటరీ పడవకిచ్చీసినాను. రాయి తేలిక సెయ్యలేం గదా.”

పైడమ్మ నూరడం ఆపలేదు.

“ఎప్పట్నుంచి?” అని ఆమెను అడిగాను.

“నువ్వు పెద్ద బ్యాటరీ తెచ్చిన కాడ్నుంచి. నువ్వు పడవ కాడుంటే మేమిద్దరం బిందెలు మోసినాం. సన్నికల్లు మొయ్యలేక సాప మీద పెట్టి ఈడ్చినాం. నీకు ఇనబడనేదా?”

“నేదు.”

“నీ ఇంజను కూత,” అన్నాడు దాలినాయుడు.

“నోరుముయ్ రా,” అంది ఆమె.

“నాకు సెప్పొచ్చు గదా,” అన్నాను.

అప్పుడు పొత్రం ఆపింది. “సెప్తే ఏటి సేస్తావ్ మావా? ఒక్క మాటనవు. ఉన్నవన్నీ ఒగ్గీసి గోడకేసి సూసుకుంటా కూకుంటావు. నీకున్నది ఆ ఒక్క సరదా. ఈ కాళ్ళతో బయటి వరసకి నాను పోనేను. అందుకే నావి తీసుకొచ్చీసినాను. నీయి ఉంచినాను.”

గీత రోజూ తేరుకుంటోందని రాసుకున్నాను గదా. ఇల్లు కాదు తేరుకున్నది.

“పెట్టి ఇచ్చీసినావు గదా,” అన్నాను దాలినాయుడితో. “మరి ఈవిడ రోజూ వచ్చి ఏటి ఇంటంది?”

“ఏటీ ఇనదు. కూకుని నిన్ను తిడతాది. నాను వొంత పాడతాను.”

శుద్ధ ద్వాదశి

పడవ వచ్చింది. సామాన్లన్నీ పలక మీద వరసగా పెట్టాను.

“వెనక్కి తీస్కోం అన్నయ్యా. మార్చుకోవచ్చు. ఈ కప్పీ ఇచ్చీసి దీని పెద్దన్నయ్య లాంటిది...”

“ఊరికే ఇస్తే తీసుకుంటావా?”

పడవ మాటలు వెతుక్కోవడం మొదటిసారి చూశాను. నా లాంటిదే అనిపించింది.

“తీస్కుంటాను అన్నయ్యా,” అంది చివరికి.

కప్పీ, గొలుసు, మోటారు, ఫ్యాను, బ్యాటరీలు, వడకట్టే పెట్టె. చెయ్యి వచ్చి ఒక్కొక్కటే ఎత్తుకుంది. ఇల్లు ఒక్కొక్క వస్తువుకూ కొంచెం కొంచెం లేచింది. పేడముద్దల పెట్టె మాత్రం ఇవ్వలేదు. దానికి సరిపోయే చిన్న బ్యాటరీ ఒకటి ఉంచుకున్నాను.

“అదొక్కటీ ఎందుకన్నయ్యా, పాతది...”

“అది నాది కాదు,” అన్నాను.

వెళ్ళేముందు కొత్త రకం ఇత్తడి బిళ్ళ ఒకటి చూపించింది. కాగితమంత పలచన, బరువే లేదు. చెయ్యి చాపబోయాను. వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను, ఖాళీ చెయ్యే.

శుద్ధ చతుర్దశి

రేపు తనిఖీ. దాలినాయుడి గీత నీళ్ళకు ఆనుకుని ఉంది.

బిందెలు రెండు విడతలుగా తెచ్చాను. ఇనప పెట్టె తెచ్చాను. సన్నికల్లు చాప మీద ఈడుద్దాం, నేనూ ఒక చెయ్యి వేస్తానన్నాడు దాలినాయుడు. వద్దన్నాను. భుజం మీదికి ఎత్తమన్నాను. పలక వంగింది. వరసంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. అంతమంది నన్ను చూడటం నా పెళ్ళి తరువాత అదే మొదటిసారి.

“బావా, పడితే రాయి పోతాది జాగర్త,” అన్నాడు వాడు వెనకనుంచి. “నువ్వు పోయినా పరవానేదు.”

ఈసారి జవాబు నోట్లోంచి బయటికి వచ్చింది.

“నాను పోతే నీ అప్ప నీ నెత్తి మీదే నూరుతాది.”

వరసంతా నవ్వింది. ఆ నవ్వుకు నేను పడిపోయి ఉండేవాణ్ణి. నడుస్తూనే ఉన్నాను గాబట్టి పడలేదు.

తెల్లటి మచ్చ మీద రాయి దించాను. సరిగ్గా సరిపోయింది. మళ్ళీ పలక దాటి, పేడముద్దల పెట్టె తీసుకుపోయి వాడింట్లో ఖాళీ మేకుకు తగిలించాను. లోపలి అతుకులన్నీ అంతకుముందే విప్పి కొత్తగా వేశాను. అది వాడికి చెప్పలేదు.

పున్నమి

లిఖిత వచ్చి వెళ్ళింది. ఎవరి తాళ్ళూ విప్పలేదు.

సాయంత్రం పైడమ్మ పైట సర్దుకుని బయల్దేరింది. గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది.

“రావా?”

పోయాను. దాలినాయుడు చెవి దింపాడు. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. ముందు రొయ్యలు వినబడ్డాయి. తరువాత చాలాసేపు ఏమీ లేదు. తరువాత అడుగునుంచి, కిర్రు. ఆగి, కిర్రు.

“మునుపటి కన్నా బాగుంది,” అన్నాడు దాలినాయుడు. “నా పెట్టి మంచిదే బావా.”

నేను నేల చూశాను. మంచిదే. నా ఇంట్లో మోగి ఉంటే ఇంకా మంచిదని ఆ క్షణంలో కూడా అనిపించింది.

పైడమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. అలాగే మూసుకుని అంది.

“ఆ బోరింగుకి నూనెయ్యమని ఊరంతా ఈ మనిసినే అడిగీవోరు. తమ్ముడూ, నీకు తెల్సా? పంపులు బాగుసేసీవోడు ఈడే గదా. విప్పీవోడు, బిగించీవోడు. నూనె మాత్రం ఎయ్యనేదు.”

“ఏటి బావా, బద్ధకమా?”

నేను నేల మీది తీగ సర్దాను.

“బద్ధకం కాదు,” అంది పైడమ్మ. “నాను బిందెట్టుకుని పంపు కొడితే నా తీరుకి ఆగి ఆగి కిర్రుమనేది. అది ఇని, సేతిలో రేడియో అక్కడ పడీసి, వీధిలోకొచ్చి నిలబడీవోడు. మాటాడీవోడు కాదు. నిలబడీవోడంతే. నూనేస్తే మరి తెలీదు గదా, నాను వొచ్చినానని.”

ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలియదు.

“ఓర్నీ,” అన్నాడు దాలినాయుడు. పెట్టె వైపు చూశాడు, నా వైపు చూశాడు. “నాను నా పెట్టి గొప్పనుకుంటన్నాను.”

ముగ్గురం మళ్ళీ విన్నాం. నూనె లేక అది ఇంకా కిర్రుమంటూనే ఉంది.

మా గీతకు నాలుగు వేళ్ళు. దాలినాయుడిది మూడున్నర. ఇంటికి వస్తూ వంగి కొలిచాను.